దామనపల్లి మలుపు, నర్సీపట్నం సమాధులు

మన్యం నుంచి తిరిగి వచ్చి నాలుగు రోజులైనా మా నాన్న సంచి అడుగున ఎర్రమట్టి ఇంకా రాలుతూనే ఉంది. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేసిన మనిషి. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో తొమ్మిదేళ్ళు చింతపల్లి, గూడెంకొత్తవీధి ప్రాంతాల్లోనే గడిచాయి. ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని పరేడు మైదానానికి వెళ్ళి, ఆ ఏడాది విధి నిర్వహణలో చనిపోయినవారి పేర్లు చదువుతుంటే చివరిదాకా నిలబడి వింటారు. 1959లో అదే తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర, తప్పిపోయిన సహచరులను వెతకడానికి వెళ్ళిన దళంపై చైనా సైనికులు కాల్పులు జరిపి పదిమంది పోలీసులను చంపారు. వారి జ్ఞాపకంగా మొదలైనదే ఆ దినం. సరిహద్దు కొండల్లో ప్రాణాలు పోయిన ఆ పదిమంది గురించి చెబుతూ చెబుతూ, ఒక ఏడు ఆయన ఉన్నట్టుండి, "మన కొండల్లో పోయిన ఇద్దరి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి, అన్నేళ్ళు ఆ దారినే తిరిగాను, ఒక్కసారీ చూడలేదురా" అన్నారు.

ఆ ఇద్దరూ స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఆంగ్ల పోలీసు అధికారులు. 1922 సెప్టెంబరు 24న, ఆదివారం నాడు, దామనపల్లి ఘాటీలో అల్లూరి సీతారామరాజు దళం చేతిలో హతులయ్యారు. మా ఇంటి హాల్లో సీతారామరాజు పటం ఉంది. తెలుగువాళ్ళ ఇళ్ళలో అదేమంత వింత కాదు. ఆ పటం కింద కూర్చుని ఈ ఇద్దరి సమాధులు చూడాలని నాన్న అనడమే నాకు వింతగా తోచింది. అందుకే సెప్టెంబరు 24 నాటికి దామనపల్లిలో ఉండేట్టు ప్రయాణం కట్టాము.

సెప్టెంబరు 22, నర్సీపట్నం, కృష్ణదేవిపేట

నర్సీపట్నంలో బస్సు దిగేసరికి ఎనిమిదిన్నర. బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో పూరీ, బొంబాయి చట్నీ నలభై రూపాయలు. చట్నీలో శనగపిండి కన్నా ఉల్లిపాయ ఎక్కువ, అది మంచికే. ప్లేటు అందించిన కుర్రవాణ్ణి పాత దొరల సమాధులు ఎక్కడని అడిగాను. అతను గల్లాపెట్టె దగ్గరున్న యజమానిని పిలిచాడు, ఆయన రోడ్డు మీద ఉన్న ఆటో అతన్ని పిలిచాడు, ముగ్గురూ కాసేపు మాట్లాడుకుని, "సీతారామరాజు సమాధే కదా బాబూ, అది ఇక్కడ కాదు, కృష్ణదేవిపేట ఎల్లాల" అని తేల్చారు. కాదు, ఆయన చేతిలో చనిపోయినవాళ్ళవి అన్నాను. యజమాని నన్ను ఎగాదిగా చూసి, "వాళ్ళవెందుకు?" అన్నాడు. కోపంగా అన్నమాట కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోగా నాన్న లేచి చేయి కడుక్కుని, "ముందు కృష్ణదేవిపేటే పోదాం పద, పెద్దాయన్ని చూడకుండా వీళ్ళని చూడటమేంటి" అన్నారు. ఆటో అతను రానుపోను ఏడు వందలు అడిగాడు, ఆరు వందలకు దిగాడు.

కృష్ణదేవిపేటలో సమాధి ఉన్న చోటు తోటలా ఉంది. గేటు దగ్గరే చెప్పులు విప్పాలని ఎవరూ చెప్పరు గానీ అందరూ విప్పుతున్నారు. వాన పడిన నాపరాళ్ళ మీద పాదాలు జిల్లుమన్నాయి. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతంలో పట్టుబడిన సీతారామరాజును కాల్చి చంపినప్పుడు ఆయనకు ఇరవై ఏడో ఏడు ఇంకా నిండలేదు. అంతకు రెండేళ్ళ ముందు, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, మరునాడు ఈ కృష్ణదేవిపేట స్టేషను, ఆ మరునాడు రాజవొమ్మంగి స్టేషను, ఇలా వరుసగా మూడు రోజుల్లో మూడింటి మీద పడి ఇరవై ఆరు తుపాకులు పట్టుకుపోయారు. తీసుకున్న ఆయుధాల లెక్కను స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడన్న సంగతి నాన్నకు అన్నిటికన్నా ఇష్టం. రాసే పని స్టేషను రైటరుది, అతను పారిపోతే ఆ పని కూడా దాడి చేసినవాడే చేయాల్సివచ్చిందని ఆయన హాస్యం.

సమాధి ముందు నాన్న చేతులు జోడించి చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. బడిపిల్లలు ఒక గుంపుగా వచ్చి ఫొటోలు దిగుతున్నారు. వాళ్ళ పంతులమ్మ పితూరీ, అంటే ఆ మన్యం తిరుగుబాటు, కథ చెబుతూ దామనపల్లి దాకా వచ్చి, "అక్కడ ఇద్దరు తెల్లదొరలను మట్టుబెట్టాడు" అనగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. నాన్న కళ్ళు తెరవలేదు.

తిరుగు దారిలో నర్సీపట్నంలో రాత్రి బస. లాడ్జి గది ఎనిమిది వందలు. ఆ డబ్బుకు ఒక ఫ్యానూ, దాని చప్పుడూ వచ్చాయి.

సెప్టెంబరు 23, లంబసింగి మీదుగా చింతపల్లి

లంబసింగి ఘాటీ ఎక్కే దారిలో మనుషుల్ని కుక్కిన జీపులో ముందు సీటు దొరకడం నాన్న నెరిసిన మీసాల పుణ్యం. వెనక వేలాడుతున్నవారితో కలిపి పంతొమ్మిది మందిని లెక్కపెట్టాను. ఒక ముసలమ్మ అడ్డపొగ తాగుతూ, అంటే వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని చుట్ట పీలుస్తూ, ఏ కుదుపుకూ చలించకుండా ఘాటీ అంతా ఎక్కింది.

పితూరీ పుట్టుక ఈ రోడ్డులోనే ఉంది. అడవి చట్టాలు వచ్చి పోడు కొట్టుకోనివ్వక, కట్టెపుల్ల ఏరుకోనివ్వక అప్పటికే కొండజనం ఉడికిపోతున్న రోజుల్లో, నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించే పనిని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతపట్టాడు. ఆరణాల కూలి ఇవ్వవలసిన చోట రెండణాలు చేతిలో పెట్టి, అడిగినవాణ్ణి కొట్టించేవాడని పేరు పడ్డాడు. ఆ కోపానికి దారి చూపినవాడు సీతారామరాజు. మలుపు మలుపుకూ ఇంజను మూలుగుతుంటే నాకు ఆ రెండణాలే గుర్తొచ్చాయి. బాస్టియన్ చేసినదానికి దామనపల్లిలో ప్రాణం పెట్టింది మాత్రం అతను కాదు.

లంబసింగికి కొర్రబయలు అని మరో పేరు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. సెప్టెంబరులో అంత చలి లేదు, పర్యాటకులూ లేరు. చలికాలంలో బారులు తీరే బొంగులో చికెన్ పొయ్యిల్లో రెండే వెలుగుతున్నాయి. పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు దట్టించి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చే ఆవిడ, "నూనె ఎయ్యం బాబూ, బొంగులో నీరే చాలు" అంది. బొంగు నాలుగు వందలు. విరగ్గొట్టి ఆకులో ఒంపినప్పుడు మొదట వచ్చేది మాంసం వాసన కాదు, కాలిన పచ్చి వెదురు వాసన. తిన్నాక వేళ్ళకు సాయంత్రం దాకా అదే. నాన్న మాత్రం పక్కన కాలుస్తున్న మొక్కజొన్న పొత్తుతో సరిపెట్టుకున్నారు. బొంగులో చికెన్ మీద ఆయనకు పెద్ద అభిప్రాయం లేదు. ఒకప్పుడు గాలింపుకు వెళ్ళినవాళ్ళు గిన్నె లేక వండుకునే కూరను ఇప్పుడు కార్లలో వచ్చి తింటున్నారని ఆయన ఫిర్యాదు.

చింతపల్లిలో ఆయన పనిచేసిన స్టేషనుకు వెళ్ళాము. పహరా కుర్రవాడు మొదట ఆపి, నాన్న తన పాత నంబరు చెప్పగానే నిటారుగా నిలబడ్డాడు. టీ తెప్పించారు. 1922లో ఇదే ఊరి స్టేషను నుంచి పదకొండు తుపాకులు, 1,390 తూటాలు పోయాయి. ఆ లెక్క నాన్న చెబుతుంటే ఆ కుర్రవాడు అప్రయత్నంగా తన తుపాకీ పట్టీని భుజం మీద సర్దుకున్నాడు. అతనిది శ్రీకాకుళం వైపు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఎక్కడికి వెళుతున్నారని అడిగితే దామనపల్లి అన్నాము. "అక్కడ ఎవరున్నారు సార్?" అన్నాడు. "ఇప్పుడెవరూ లేరు" అన్నారు నాన్న.

సాయంత్రం బజారులో చింతపల్లి రాజ్మా కిలో నూట నలభైకి కొన్నాము. గంపలో సీతాఫలాలు అమ్ముతున్న ఆమె బేరమాడనివ్వలేదు గానీ, నాలుగు కాయలు పైన వేసింది. ఇక్కడ మర్యాద ఆ రూపంలో ఉంటుంది.

సెప్టెంబరు 24, దామనపల్లి

పన్నెండు వందలకు మాట్లాడుకున్న ఆటోలో ఆరింటికే బయలుదేరి, గూడెంకొత్తవీధి దాటాక దారి తప్పాము. తప్పు నాది. చీలిక దగ్గర నాన్న కునుకు తీస్తుండగా తిన్నగా పొమ్మని నేనే చెప్పాను, తీరా చూస్తే సీలేరు రోడ్డున పోతున్నాము. ఇరువైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, నీడలో పచ్చి కాయలతో కాఫీ మొక్కలు. అందంగా ఉందని మురిసిపోతుంటే నాన్న లేచి, "ఇది మనం పోవలసిన దారి కాదు" అన్నారు. మొక్కల మధ్య కలుపు తీస్తున్న ఒకతను వెనక్కి చూపి, "కొంచెం దూరమే" అన్నాడు. ఏజెన్సీలో 'ఇక్కడే' అంటే ఒక కొండ, 'కొంచెం దూరం' అంటే రెండు కొండలు అని నాన్న లెక్క. గంటన్నర పోయింది. వాన అందుకుంది.

దామనపల్లిలో మమ్మల్ని చూసి ఒక పెద్దాయన అరుగు మీద చాప పరిచి, ముందు చెంబుతో నీళ్ళిచ్చి, అవి తాగేదాకా ఎందుకొచ్చారని అడగలేదు. తరువాత రాగి అంబలి, వెదురు కొమ్ముల కూర వచ్చాయి. కొమ్ములు సన్నగా తరిగి, చేదు పోయేదాకా నానబెట్టి, పసుపూ కారంతో వండినవి. పంటి కింద కొద్దిగా కరకరలాడుతూ, పుట్టగొడుగుకూ పనసకూ నడుమ ఎక్కడో ఉంది ఆ రుచి. డబ్బు తీయబోతే నాన్న నా చేయి నొక్కారు. అన్నానికి డబ్బిస్తే ఇక్కడివాళ్ళు చిన్నబుచ్చుకుంటారట. సంచిలోంచి పొగాకు కాడ ఒకటి తీసి పెద్దాయన పక్కన పెట్టారు. అది ఆయన విశాఖపట్నంలోనే కొని తెచ్చారని నాకు అప్పుడు తెలిసింది.

"తెల్లదొరల్ని పడగొట్టిన చోటు చూడాలి" అన్నారు నాన్న. పెద్దాయన చేత్తో దిగువకు చూపాడు. వాళ్ళ తాత ఒక మలుపు చెప్పేవాడట, మేనమామ ఇంకోటి చెప్పేవాడట. "ఏదైనా రాజుగారు నిలబడిన రాయే" అని ఆయన తీర్పు. మనవణ్ణి దారి చూపమని తోడిచ్చాడు.

బాట ఒక మనిషి నడిచేంత. ఎడమ పక్క నిటారుగా గుట్ట, కుడి పక్క వాగు మోత. మధ్యలో తడి ఆకులూ జలగలూ. పిల్లవాడు ఆగిన మలుపు దగ్గర నాన్న నన్ను నాలుగడుగులు ముందుకు పొమ్మన్నారు. పోయాను. "నేను కనబడుతున్నానా?" అని అరిచారు. లేదు. గొంతు తప్ప మనిషి లేడు. వెనక్కి వచ్చేసరికి ఆయన గుట్ట పైకి చూస్తూ ఉన్నారు.

ఆ ఆదివారం జరిగినది ఇంతే. తిరుగుబాటుదారుల కోసం గాలిస్తూ పోలీసు దళం ఒకరి వెనక ఒకరుగా ఈ ఘాటీలో నడుస్తోంది. ముందు భారతీయ సిపాయిలు, వారి వెనక అధికారులు. పైన పొంచి ఉన్నవారు ముందు నడిచినవారిని కదలకుండా చూస్తూ పోనిచ్చి, కవర్డ్, హైటర్ గురికి రాగానే పేల్చారు. భారతీయుల మీద గుండు పేల్చవద్దన్నది సీతారామరాజు ఆజ్ఞ. ఆయన దళం చేతిలో ఉన్నవి నెల కిందట స్టేషన్లలో పట్టుకుపోయిన తుపాకులే.

ఈ కథను నేను చిన్నప్పటి నుంచి విన్నాను, ఎప్పుడూ పైన రాతి మీద నిలబడి చూసినట్టే విన్నాను. నాన్న దాన్ని బాట మీద నుంచి చెప్పారు. ముందు వెళ్ళినవాడు క్షేమంగా దాటాడంటే దారి క్షేమమని వెనకవాడు నమ్ముతాడట. గాలింపు దళానికి అన్నిటికన్నా ప్రమాదం ఆ నమ్మకమేనట. మనిషికీ మనిషికీ మధ్య ఎడం తగ్గకూడదని, మలుపు దగ్గర ముందు గుట్ట మీదికి ఇద్దర్ని ఎక్కించాలని ఆయనకు నేర్పిన పాఠాలన్నీ ఇలాంటి చోట్ల ఎవరో చనిపోయాక రాసుకున్నవే. ఆయన కాలంలో ఇదే కొండల్లో ఇలాగే నడుస్తూ, ఆయనకు ఆరుగురి ముందు ఉన్న ఒక కానిస్టేబుల్ మందుపాతరకు పోయాడు. అతని గురించి ఇంట్లో రెండే మాటలు చెబుతారు: పెళ్ళయి ఏడాది, పాట బాగా పాడేవాడు. ఆ మలుపు దగ్గర మూడో మాట చెప్పారు. "వాడు దాటాడు కదా అని నేను నిశ్చింతగా నడిచానురా."

ముందు నడిచి, దాటి, వెనక కాల్పుల చప్పుడు విన్న ఆ సిపాయిల గురించి అంతవరకూ నేను ఎన్నడూ ఆలోచించలేదు. పైవాళ్ళు తమను చూసీ వదిలేశారని వాళ్ళకు ఆ తరువాతే తెలిసి ఉంటుంది. అది దయ అనుకున్నారో, అవమానమనుకున్నారో. వాళ్ళ పేర్లు అమరవీరుల జాబితాలోనూ ఉండవు, వీరగాథలోనూ ఉండవు.

దామనపల్లి తరువాతే ప్రభుత్వం నిజంగా ఉలిక్కిపడింది. మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, ఆ తరువాత అస్సాం రైఫిల్స్ దిగింది, చివరికి రూథర్‌ఫర్డ్ అనే ప్రత్యేకాధికారి వచ్చి కూర్చున్నాడు. "స్టేషన్లు పోతే కాగితాలు వస్తాయి, దొరలు పోతే పటాలాలు వస్తాయి" అన్నారు నాన్న, కాలి మడమ దగ్గర జలగను ఉప్పుతో రాలగొట్టుకుంటూ. జలగ వదిలాక కూడా నెత్తురు చాలాసేపు ఆగలేదు. పిల్లవాడు ఏదో ఆకు నలిపి అద్దాడు.

సెప్టెంబరు 25, మళ్ళీ నర్సీపట్నం

ఈసారి హోటళ్ళలో అడగలేదు. చర్చి నుంచి బయటికి వస్తున్న ఒక ముసలాయనను అడిగితే, ఆయన ఏ ప్రశ్నా వేయకుండా గొడుగు తెరిచి మాతో నడిచాడు. సమాధుల తోటలో మోకాళ్ళెత్తు గడ్డి. ఊరివాళ్ళ సమాధులకు కొత్త సున్నం, ప్లాస్టిక్ పూలు, రంగు అక్షరాల పేర్లు ఉన్నాయి. ఎవరో ఒకరు ఏటా వచ్చే సమాధులు చూడగానే తెలుస్తాయి. ఈ రెండింటి దగ్గర అవేవీ లేవు. నాచు పట్టిన రాయి మీద ఒక చీమల బారు తిన్నగా, ఎవరి మీదుగా పోతున్నామన్న ధ్యాస లేకుండా సాగుతోంది.

నాన్న సెల్యూట్ చేస్తారని నేను ఫోను కూడా తీసి పట్టుకున్నాను. చేయలేదు. నెత్తిన టోపీ లేకుండా సెల్యూట్ చేయకూడదు, నియమం. మడమలు దగ్గరకు చేర్చి, చేతులు ప్యాంటు కుట్టుకు ఆనించి, సావధానంగా నిలబడ్డారు. ఎంతసేపో లెక్కపెట్టలేదు గానీ, గొడుగు ముసలాయన కూడా తెలియకుండానే తన వంకర నడుము కొంత సరిచేసుకున్నాడు. తరువాత నాన్న వంగి జేబురుమాలుతో రాయిని తుడవబోయి, చీమల దగ్గర ఆగి, ఆ పక్క నుంచి తుడిచారు.

"వాళ్ళవాళ్ళు ఎవరైనా వస్తారా?" అని అడిగాను. ముసలాయన తల అడ్డంగా ఊపి, "మీరు వచ్చారుగా" అన్నాడు. టీకి రమ్మంటే రాలేదు, బస్సు తప్పిపోతుందని మమ్మల్నే తొందరపెట్టాడు.

బస్సులో నేను నాన్నను అడగవలసిన ప్రశ్న అడిగాను. ఆయన కృష్ణదేవిపేటలో చేతులు జోడించారు, ఇక్కడ సావధానంగా నిలబడ్డారు; రెండూ ఎలా కుదురుతాయి? కిటికీలోంచి వచ్చే జల్లుకు కళ్ళు చికిలించి ఆయన, "అక్కడ చెప్పులు విప్పాను, ఇక్కడ విప్పలేదు, చూశావా?" అన్నారు. అంతే. తాళ్ళపాలెం వచ్చేసరికి నిద్రపోయారు, ఒళ్ళో సీతాఫలాల సంచితో.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అమ్మ తలుపు తీయబోతే నాన్న గుమ్మం బయటే ఆగి, తువ్వాలు, బకెట్టు నీళ్ళు అడిగారు. "సీతారామరాజుగారి సమాధి చూసొస్తే స్నానమెందుకు, అది గుడితో సమానం కదా" అంది అమ్మ. "వేరేవాళ్ళవి కూడా చూశాం, మనవాళ్ళవి" అని ఆయన చొక్కా విప్పి పెరటి వైపు నడిచారు. అమ్మ నా వైపు తిరిగి, మనవాళ్ళెవరని కళ్ళతోనే అడిగింది. పెరట్లో చెంబు చప్పుడు మొదలైంది. నేనూ చెప్పులు బయటే విడిచి, నా వంతు కోసం గుమ్మం దగ్గర నిలబడ్డాను.